మంచు అడవి ఫోటోలో పాప అతికించినట్టు ఎందుకు కనిపిస్తుంది?

మీరు అడిగింది ఇదీ: డిసెంబరులో వరంగల్ జిల్లా పాకాల చెరువు దగ్గర పొద్దుగాల మంచులో తీసిన అడవి ఫోటో ఒకటి ఉంది. మీ ఎనిమిదేళ్ల మేనకోడలికి ఎర్ర లంగా కట్టి, చేతికి కందిలి (లాంతరు) ఇచ్చి, డాబా మీద ఇంకో ఫోటో తీశారు. చీకటి పడే వేళ, అడవిలో దూరంగా పేదరాశి పెద్దమ్మ గుడిసె, అందులో దీపం, దాని వైపు నడిచి వెళ్తున్న పిల్ల. మీ మనసులో ఉన్న బొమ్మ అది. ఫోటోషాప్‌లో జుట్టుతో సహా శుభ్రంగా కట్ చేశారు. అయినా చూసినవాళ్లంతా "అతికించినట్టుంది" అంటున్నారు. కొత్త కెమెరా కొనాలా, ప్రీసెట్లు (ఒక్క నొక్కుతో రంగులు మార్చే రెడీమేడ్ సెట్టింగులు) కొనాలా అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దండీ. మీ కటింగ్‌లో తప్పేమీ లేదు. పాపకూ మనకూ మధ్య గాలి లేదు, అదే లోపం. అడవి ఫోటోలో ప్రతి చెట్టు మీదా ఎంతో కొంత మంచు తెర ఉంది, పాప మీద లేదు. అడవిలో వెలుగు పైనుంచి, కొమ్మల సందుల్లోంచి దిగుతోంది. డాబా మీద మాత్రం సాయంత్రపు ఎండ పక్క నుంచి కొట్టింది. ఇక పాదాలు ఆకుల్లో దిగలేదు, ఆకుల మీద తేలుతున్నాయి. ఈ మూడూ కుదిరితే ఫోన్‌తో తీసిన ఫోటోనైనా కళ్లు నమ్ముతాయి. మొదటిదాన్ని మీ దగ్గరున్న ఫైళ్లతో ఇవాళే సరిచేయొచ్చు. మిగతా రెండిటికీ పాపను మళ్లీ ఫోటో తీయడమే మంచిది. తప్పు వెలుగును కంప్యూటర్‌లో దిద్దుతూ మూడు రాత్రులు కూర్చోవడం కన్నా మళ్లీ తీయడానికి పట్టే అరగంట ఎంతో నయం.

నేను హనుమకొండలో స్టూడియో నడుపుతున్నాను. పెళ్లి ఆల్బమ్‌లతో మొదలుపెట్టాను. కరిజ్మా ఆల్బమ్‌లు (పుస్తకంలా అచ్చేసే డిజైన్ ఆల్బమ్‌లు) కొత్తగా వచ్చిన రోజుల్లో మేమంతా ఫోటోషాప్‌లో తెరిచే రెడీమేడ్ బ్యాక్‌గ్రౌండ్ల డీవీడీలు కొనుక్కుని, మంచు కొండల ముందు, గులాబీ తోటల ముందు జంటలను నిలబెట్టేవాళ్లం. అది అలంకారం, అందులో ఎవరూ నిజం వెతకరు. కథ బొమ్మ అలా కాదు. చూసేవాళ్లు ఒక్క క్షణమైనా ఆ అడవిలోకి వెళ్లి రావాలి. పిల్లల పుట్టినరోజులకు ఇలాంటి బొమ్మలు చేయడం మొదలుపెట్టి పదకొండేళ్లయింది. కింద రాసేదంతా ఆ పనిలో నేర్చుకున్నది.

ముందు మంచు లెక్క

మీ పాకాల ఫోటో తెరిచి, ఇన్ఫో ప్యానెల్ (మౌస్ కింది రంగును అంకెల్లో చూపించే పెట్టె) పెట్టుకుని, మౌస్‌ను ఒక్కో చెట్టు మొదలు మీద అన్నిటికన్నా నల్లగా ఉన్న చోట ఉంచి చూడండి. 0 అంటే కటిక నలుపు, 255 అంటే తెలుపు. నా దగ్గరున్న ఒక పాకాల ఫోటోలో పది అడుగుల దూరంలోని నల్లమద్ది మొదలు 18 దగ్గర ఉంది. అరవై అడుగుల దూరంలోని చెట్టు 50 చూపిస్తుంది. అన్నిటికన్నా వెనక వరస టేకు చెట్లు 130 దాటాయి. దూరం పెరిగే కొద్దీ నలుపు బూడిద రంగులోకి తిరుగుతుంది. ఇలాంటి మంచు ఫోటోలో మన కన్ను దూరాన్ని అంచనా వేసేది ముఖ్యంగా దీన్ని బట్టే.

ఇప్పుడు పాప జుట్టు మీద మౌస్ పెట్టండి. 3 లేదా 4 ఉంటుంది. అరవై అడుగుల చెట్టు పక్కన నిలబడిన పిల్ల జుట్టు పది అడుగుల చెట్టు కన్నా నల్లగా ఉంటే చూసేవాళ్లకు కారణం చెప్పడం రాదు. "ఏదో తేడాగా ఉంది" అంటారు. ఆ తేడా ఇదే.

సరిచేయడం తేలికే. మంచు బాగా దట్టంగా ఉన్న చోట రంగు తీసుకోండి. దాంతో ఒక సాలిడ్ కలర్ లేయర్ (ఒకే రంగు పొర) చేసి, పాప మీద మాత్రమే పడేలా పాప లేయర్‌కు క్లిప్ చేయండి. బ్లెండ్ మోడ్ (పొరలు కలిసే తీరు) నార్మల్‌లోనే ఉంచి, ఒపాసిటీ, అంటే ఆ రంగు పొర దట్టం, తగ్గించండి. ఎంత తగ్గించాలో లెక్క కూడా ఉంది: మంచు రంగు 200 అనుకోండి, పక్క చెట్టు నలుపు 50. 200లో నాలుగో వంతు 50, కాబట్టి ఒపాసిటీ 25 శాతం. నిజమైన మంచు చేసేది కూడా ఇంతే, వస్తువు రంగులో తన రంగును కొంత కలుపుతుంది. జుట్టు చెట్టు బెరడు కన్నా నల్లటిది కాబట్టి నాలుగైదు పాయింట్లు తక్కువున్నా ఫరవాలేదు. బ్రైట్‌నెస్ పెంచితే ఇది రాదు, ఎందుకంటే మంచు నలుపును పైకి లేపుతూనే తెలుపును కిందికి దించుతుంది. పాప తెల్ల జాకెట్ కూడా కొంచెం మాసినట్టు అవ్వాలి.

మంచు రంగు విషయంలో ఒక మాట. దగ్గరలోని పొగమంచు తెల్లగా ఉంటుంది. దూరపు గుట్టలు నీలంగా కనిపిస్తాయి. మంచులో నీటి బిందువులు పెద్దవి, అన్ని రంగుల వెలుగునూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. మామూలు గాలిలోని అణువులు మాత్రం నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, అందుకే లక్నవరం చుట్టూ ఉన్న గుట్టలు మధ్యాహ్నం నీలంగా ఉంటాయి. చాలామంది ప్రతి అడవి బొమ్మకూ నీలం పూత పూస్తారు. అది మంచు అనిపించదు, రంగు అద్దం పెట్టినట్టు ఉంటుంది. రంగు మీ ఫోటోలోంచే తీసుకోండి, మనసులోంచి తీసుకోకండి.

పాప మీద పూసిన మంచు ఒకటి. పాపకు ముందు కదిలే మంచు ఇంకొకటి. దీనికి నెట్‌లో దొరికే ఫాగ్ బ్రష్‌లు నేను వాడను. అవే ఆకారాలు వేల బొమ్మల్లో తిరుగుతున్నాయి. ఇంట్లో సాంబ్రాణి వేయండి. వెనకాల నల్ల గుడ్డ కట్టి, పక్క నుంచి ఒక లైటు పెట్టి, ఫ్యాన్ ఆపి, పొగను ముప్పై నలభై ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆ ఫోటోను పాప పైన లేయర్‌గా పెట్టి మోడ్ స్క్రీన్ చేస్తే నలుపంతా మాయమై పొగ ఒక్కటే మిగులుతుంది. కానీ గుర్తుంచుకోండి, పొగ పైకి లేస్తుంది, మంచు నేల మీద పరుచుకుంటుంది. అందుకని పొగ ఫోటోను అడ్డంగా తిప్పి, పక్కలకు సాగదీసి, కాస్త బ్లర్ ఇవ్వాలి. నిలువుగా వదిలేస్తే అడవి అంటుకున్నట్టు ఉంటుంది. ఈ సాంబ్రాణి పని ఇంట్లోనే చేయండి, అడవికి తీసుకెళ్లకండి. టేకాకు రాలిన అడవిలో ఒక్క నిప్పురవ్వ చాలు.

అడవి ముందు, పాప తర్వాత

మీరు పాప ఫోటో ముందు తీసి అడవిని తర్వాత వెతుక్కున్నారో, లేక రెండూ విడివిడిగా తీశారో తెలియదు గానీ, వరస మాత్రం ఇదే ఉండాలి. అడవిని తీయండి. అక్కడి వెలుగును రాసుకోండి. తర్వాత ఆ వెలుగుకు తగ్గట్టు పాపను తీయండి. అడవిలో సూర్యుణ్ని మనం జరపలేం, డాబా మీద పాపను మాత్రం ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు.

వెలుగును రాసుకోవడానికి నా సంచిలో మూడు వస్తువులుంటాయి. ఒకటి తెల్ల థర్మోకోల్ బంతి. పాప నిలబడాల్సిన చోట దాన్ని పట్టుకుని ఒక ఫోటో తీస్తే వెలుగు ఎటు నుంచి వస్తోందో, నీడ అంచు గట్టిగా ఉందో మెత్తగా ఉందో బంతి మీద అచ్చు పడినట్టు తెలుస్తుంది. రెండోది బాగా తోమిన స్టీలు చెంబు. దాని గుండ్రటి పొట్టలో చుట్టూ ఉన్నదంతా ప్రతిబింబిస్తుంది, ఆకాశం ఎక్కడ తెరుచుకుందో, చెట్లు ఎక్కడ అడ్డున్నాయో ఇంటికొచ్చాక కూడా చూసుకోవచ్చు. మూడోది నాలుగడుగుల వెదురు కర్ర, అడుగుకో టేపు చుట్టి ఉంటుంది. దాన్ని నేల మీద నిలబెట్టి ఇంకో ఫోటో. ఇక పాప ఎంత సైజులో ఉండాలన్న సందేహమే రాదు. నాలుగడుగుల పిల్ల ఆ కర్రంతే ఉంటుంది. సినిమా గ్రాఫిక్స్ వాళ్లు ఇదే పనికి బూడిద రంగు బంతి, అద్దంలాంటి క్రోమ్ బంతి వాడతారు. మనకు చెంబు చాలు.

ఇంటికొచ్చాక మొగులు పట్టిన రోజు చూసుకుని పాపను తీయండి. లేదా డాబా మీద ఎండ పడని గోడ పక్కన తీయండి. అడవిలో పక్కల నుంచి వెలుగు తక్కువ, ఎందుకంటే చెట్ల మొదళ్లు అడ్డుకుంటాయి. డాబా మీద మాత్రం నాలుగు వైపులా ఆకాశమే. అందుకని పాపకు ఒక పక్కన, ఫ్రేములో పడకుండా, నల్ల దుప్పటి ఒకటి ఆరేసినట్టు కట్టండి. ఆ పక్క ముఖం కాస్త చీకటి పడుతుంది. నా బొమ్మలు నిలబడటానికి పెద్ద కారణం ఆ నల్ల దుప్పటి. అందరూ లైటు ఎలా వేయాలని అడుగుతారు, ఎలా తీసేయాలని అడగరు.

కెమెరా ఎత్తు. దీని గురించి తక్కువమంది మాట్లాడతారు, కానీ ఇది తప్పితే ఇంకేదీ కాపాడదు. చదునైన నేల మీద తీసిన ఏ ఫోటోలోనైనా నేలా ఆకాశమూ కలిసే గీత కెమెరా ఎత్తులోనే ఉంటుంది. మీరు నిలబడి, కెమెరా అయిదడుగుల ఎత్తులో పెట్టి అడవిని తీశారనుకోండి. నాలుగడుగుల పాప ఎంత దూరంలో నిలబడినా తల ఆ గీత కిందే ఉండాలి. డాబా మీద మీరు ఆమె ముందు కూర్చుని తీస్తే తల గీతను తాకుతుంది లేదా దాటుతుంది. అప్పుడు పాప గాల్లో ఉన్నట్టో, రాక్షసిలా పెరిగినట్టో అనిపిస్తుంది. అడవి లోపల ఆ గీత కనపడదు, నిజమే. పాకాలలో అదృష్టం ఏమిటంటే చెట్ల సందుల్లోంచి చెరువు అవతలి ఒడ్డు కనిపిస్తే అదే సుమారుగా ఆ గీత. కనపడని చోట కెమెరా ఎత్తు ఫోన్‌లో రాసుకోండి. దూరం కూడా రాసుకోండి. అడవిలో పాప చోటు కెమెరాకు ఇరవై అడుగులైతే డాబా మీద కూడా ఇరవై అడుగులే. లెన్స్ మారిస్తే ఎంత మేర కనిపిస్తుందన్నదే మారుతుంది, ఒంటి కొలతలు ఎలా కనిపిస్తాయన్నది మాత్రం దూరాన్ని బట్టి ఉంటుంది.

పాదాలు

కంపోజిట్‌లో, అంటే కలిపి చేసిన బొమ్మలో, మొదట పట్టుబడేది పాదాల దగ్గరే. నేను రెండు గోతాల ఎండు టేకాకు ఎప్పుడూ స్టూడియో వెనక ఉంచుకుంటాను. పొలం గట్ల మీద పెంచిన టేకు చెట్ల కింద, రైతును అడిగి ఏరుకొచ్చిన ఆకు అది. పాకాల, ఏటూరునాగారం రెండూ అభయారణ్యాలు, అక్కడి నుంచి ఎండాకు కూడా తీసుకురాకూడదు. ఆకును డాబా మీద మందంగా పరిచి పాపను అందులో నడిపించండి. పాదం సగం ఆకుల్లో దిగుతుంది, అంచుల్లో నిజమైన నీడ పడుతుంది. పాపతో పాటు ఆ ఆకుల్ని కూడా చారెడంత కట్ చేసి అడవి నేలలో కలిపేయడం చాలా తేలిక. ఆకు మీద ఆకు అతికితే ఎవరికీ తెలియదు. ఆకు మీద చర్మం అతికితే చిన్న పిల్లాడు కూడా పట్టేస్తాడు.

మళ్లీ తీయడం కుదరకపోతే నీడ గీయాలి. నీడలు రెండుంటాయి. అరికాలు కిందే సన్నగా, బాగా నల్లగా ఒకటి. చుట్టూ పరుచుకుని మెల్లగా కరిగిపోయేది ఇంకొకటి. చాలామంది రెండోదే గీసి వదిలేస్తారు. మొదటిది లేకపోతే పాప బరువు నేల మీద పడదు. తర్వాత అడవి ఫోటోలోంచే నాలుగు గడ్డి పోచలు, రెండు ఆకులు కాపీ చేసి పాదాల ముందు పెట్టండి. పాపకు ముందు ఏదో ఒకటి ఉండాలి, వెనక అడవి, ముందు పాప అని రెండే పొరలుంటే అది ఫోటో స్టూడియో పరదాయే.

దీనికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఒకటి ఉంది. 1917లో ఇంగ్లండ్‌లోని కాటింగ్లీ అనే ఊళ్లో పదహారేళ్ల ఎల్సీ రైట్, తొమ్మిదేళ్ల ఫ్రాన్సెస్ గ్రిఫిత్స్ అనే ఇద్దరు చుట్టాలమ్మాయిలు వాగు పక్కన దేవకన్యలను ఫోటో తీశామన్నారు. ఆర్థర్ కానన్ డాయిల్ అంతటి రచయిత నమ్మి 1920లో వాటి గురించి పత్రికలో రాశాడు. అవి కాగితం మీద గీసి కత్తిరించి, టోపీ పిన్నులతో గడ్డిలో గుచ్చిన బొమ్మలని ఆ ఇద్దరూ 1983లో గానీ ఒప్పుకోలేదు. ఆ బొమ్మలను చూస్తే ఇప్పుడు మనకు కాగితమని తెలిసిపోతుంది. కానీ అవి నిజంగా ఆ గడ్డిలోనే, ఆ వెలుగులోనే నిలబడి ఉన్నాయి, గడ్డి పోచలు వాటి ముందు ఉన్నాయి. గీత ఎంత పచ్చిగా ఉన్నా అన్నేళ్లు నిలబెట్టింది ఆ గడ్డీ ఆ వెలుగే అని నా నమ్మకం.

ఎర్ర లంగా, కందిలి

మీ బొమ్మలో నాకు బాగా నచ్చినది ఇదే, మీరు తప్పు చేసినది కూడా ఇక్కడే. చీకటి పడే వేళ అంటున్నారు, ఎరుపు మాత్రం మధ్యాహ్నం ఎరుపులా మెరుస్తోంది. వెలుగు తగ్గినప్పుడు మన కంటికి ముందు పోయేది ఎరుపు. 19వ శతాబ్దం మొదట్లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గమనించాడు. పగలు ఎర్రగా వెలిగే పువ్వులు తెల్లవారుజామున నల్లగా కనిపించాయి, ఆకులు మాత్రం వాటికన్నా వెలుగుగా కనిపించాయి. మసక చీకట్లో కంటిలో పనిచేసే కణాలకు ఎరుపు దాదాపు కనపడదు. సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడ్డాక లైటు లేని మూల నిలబడిన పిల్లల ఎర్ర లంగాలు చూడండి, నల్లగానే ఉంటాయి.

అందుకని లంగాలో కందిలి వెలుగు తగిలే పక్క ఎర్రగా, మిగతా అంతా దాదాపు నలుపుగా ఉంచండి. హ్యూ సాచురేషన్‌లో రెడ్స్ మాత్రమే ఎంచుకుని లైట్‌నెస్, సాచురేషన్ బాగా తగ్గించండి, కందిలి పక్కకు ఆ మార్పు తగలకుండా మాస్క్‌తో వదిలేయండి. అప్పుడు ఆ కొంచెం ఎరుపుకు ఎంత బలం వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది.

కందిలి వెలుగును సాఫ్ట్‌వేర్‌లో గీయకండి. కందిలి గాజులో చిన్న పసుపు బల్బు పెట్టి, డాబా మీద నిజంగా చీకటి పడే వేళ తీయండి. దీపానికి దగ్గరున్నది ఎంత వెలుగుతుందో, దూరం ఎంత చీకటవుతుందో చేత్తో గీయడం కష్టం. దూరం మూడింతలైతే వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. కందిలి మోకాలికి అడుగు దూరంలో, ముఖానికి మూడడుగుల దూరంలో ఉంటే లంగా అంచు వెలుగుతుంది, ముఖం మసకగా ఉంటుంది. మన సాఫ్ట్‌వేర్ దీపాల్లో అన్నీ సమానంగా వెలిగేది ఈ సంగతి మరిచిపోయినందుకే. ముఖం ఇంకా కనపడాలంటే పాపను కందిలి గుండె ఎత్తుకు లేపి పట్టుకోమనండి, దారి వెతుకుతున్నట్టు కూడా ఉంటుంది.

గుడిసెలో దీపానికీ ఇదే పద్ధతి, ఒక్క తేడా. అది మంచు అవతల ఉంది కాబట్టి దాని అంచులు పదునుగా ఉండకూడదు. చుట్టూ మెత్తటి వలయం ఉండాలి. మొత్తం బొమ్మలో అన్నిటికన్నా వెలుగైన చుక్క అదే కావాలి, కందిలి కూడా దాని తర్వాతే.

పొద్దుటి ఫోటోను సాయంత్రం చేయడం కుదురుతుంది, సూర్యుడు రాకముందు తీసినదైతే. ఎక్స్‌పోజర్ రెండు స్టాపులు, అంటే వెలుగు నాలుగో వంతుకు, తగ్గించి, రంగులు సగం తీసేసి, వైట్ బ్యాలెన్స్ కాస్త నీలం వైపు జరపండి. ఎండ చారలు కనిపించే ఫోటోను మాత్రం రాత్రి చేయకండి. వెన్నెల నిజానికి సూర్యుడి వెలుగే, కెమెరాను చాలాసేపు తెరిచి ఉంచితే వెన్నెల రాత్రి కూడా పగలులాగే వస్తుంది. రాత్రిని నీలంగా చూసేది మన కన్నూ, మన అలవాటూ.

ఏ నెల అడవి?

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. ఒక బొమ్మలో వానాకాలం టేకు అడవి పెట్టాను, చాటంత ఆకులతో పచ్చగా ఉంది. ముందు కొమ్మ మీద నా దగ్గరున్న మోదుగ పూలు పెట్టాను, కాషాయం పచ్చ మీద అద్భుతంగా కనపడింది. ప్రింట్ తీసుకెళ్లడానికి వచ్చిన తాడ్వాయి వైపు పెద్దాయన ఒకరు చాలాసేపు చూసి, "మోదుగ పూసేటప్పటికి టేకు ఆకు రాలిపోతది కదా బిడ్డా" అన్నారు. ఆయన మాట నిజం. మోదుగ హోలీ ముందు పూస్తుంది, అప్పటికి టేకు బోడిగా ఉంటుంది. ఆకు మళ్లీ తొలకరికి గానీ రాదు. ఆ బొమ్మ డబ్బులు తీసుకోలేదు, మళ్లీ చేసి ఇచ్చాను.

అప్పటి నుంచి ఫోల్డర్లన్నీ నెలల వారీగా పెట్టుకున్నాను. మీ డిసెంబరు ఫోటోలో ఇప్పపువ్వు పెట్టకండి, అది వేసవి మొదట్లో రాలేది. మిణుగురులు కూడా నెట్‌లోంచి తెచ్చి చల్లకండి. చలికాలంలో వాటి సందడి ఉండదు. మన వాళ్లు అడవితో బతికినవాళ్లు, కట్టె కొట్టినవాళ్లు, తునికాకు తెంపినవాళ్లు. మన బొమ్మ చూసేది వాళ్ల మనవలూ మనవరాళ్లూ, పక్కన వాళ్లు కూడా కూర్చుంటారు.

జంతువులు పెట్టాలనుకుంటే హంటర్ రోడ్డులోని కాకతీయ జూ పార్కులో తీసుకోండి. బొచ్చు కట్ చేయడం కష్టం, మంచు వెనక నీడలా పెడితే కష్టమూ ఉండదు, కథా పెరుగుతుంది. గ్రూపుల్లో పెట్టేటప్పుడు ఇది కలిపి చేసిన బొమ్మ అని తప్పకుండా రాయండి. పాకాల దారిలో తోడేలు కనిపించిందని వాట్సాప్‌లో తిరిగితే ఊళ్లవాళ్లు టెన్షన్ పడతారు. మీరు కూడా బొమ్మ కోసం చీకటి పడ్డాక అడవిలో ఉండకండి, పిల్లను అసలు తీసుకెళ్లకండి. ఆ అవసరం లేకుండా చేయడానికే ఈ పని ఉన్నది.

కథలో ఏ క్షణం?

1858లో హెన్రీ పీచ్ రాబిన్సన్ అనే ఇంగ్లండ్ ఫోటోగ్రాఫర్ అయిదు నెగటివ్‌లు కలిపి ఒకే ప్రింటు చేశాడు. అదే ఏడాది ఎర్ర టోపీ పాప కథను నాలుగు ఫోటోల్లో చెప్పాడు. ఆయన ముందు పెన్సిల్‌తో బొమ్మ గీసుకునేవాడు, ఆ తర్వాతే కెమెరా. మీరూ ఒక కాగితం మీద అగ్గిపుల్ల మనుషులతో గీయండి. చెట్లు ఎక్కడ, పాప ఎంత చిన్న, గుడిసె ఎంత దూరం. పాపను ఫ్రేములో ఎనిమిదో వంతు ఎత్తుకు మించనివ్వకండి. మీ బొమ్మలో సగం ఫ్రేము ఆమే ఉంది, అడవికి భయపెట్టే చోటే లేదు. వీపు మన వైపు ఉంటే మంచిది, మనం కూడా ఆమెతో పాటు గుడిసె వైపు చూస్తాం. ఇంట్లోవాళ్లు ముఖం కావాలంటే పక్క నుంచి చూపించండి, కెమెరా వైపు నవ్వనివ్వకండి.

కథలో జరిగినదాన్ని చూపించకుండా, జరగబోయే ముందు క్షణాన్ని పట్టుకోండి. కట్టెలు కొట్టేవాడి కథకు అందరూ బంగారు గొడ్డలి పట్టుకున్న వనదేవతను అడుగుతారు. నేను చేసినవాటిలో బాగా నిలిచినది గొడ్డలి మునిగిపోయాక నీళ్ల మీద మిగిలిన వలయాలు, ఒడ్డున మోకాళ్ల మీద ఉన్న పిల్లాడు, అంతే. రంగులు కూడా తక్కువ పెట్టండి. చేర్యాల నకాషీ పటాలు చూడండి, ఎర్రటి నేల మీద కొద్ది రంగులతోనే పెద్ద పెద్ద కథలు నడిపిస్తారు. మీ బొమ్మకు మంచు బూడిద, చెట్ల నలుపు, దీపపు పసుపు, ఆ కొంచెం ఎరుపు చాలు.

ఏఐతో అడవి తయారు చేయించొచ్చు కదా అని మీరు అడగలేదు గానీ వేరేవాళ్లు అడుగుతారు. కరెంటు తీగ తీసేయడానికి, అంచు పొడిగించడానికి నేనూ వాడతాను. అడవిని అడిగితే మాత్రం నాకు ఎక్కువగా వచ్చినవి చల్లని దేశాల సూది ఆకుల చెట్లు. నల్లమద్ది బెరడు మీద మొసలి వీపు లాంటి పగుళ్లు కావాలంటే మన అడవి దగ్గరికే వెళ్లాలి.

సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫరవాలేదు. ఫోటోషాప్ లేకపోతే జింప్, క్రిటా ఉచితం, ఫోటోపీ బ్రౌజర్‌లోనే నడుస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో వీలుంటే ఫైలు 16 బిట్‌లో (రంగుల మెట్లు ఎక్కువుండే పద్ధతి) పెట్టుకోండి, 8 బిట్‌లో మంచు మెట్లు మెట్లుగా విరిగిపోవచ్చు. చివర అన్నిటి మీదా ఒకే గ్రెయిన్ (సన్నటి గరుకు చుక్కలు) కొంచెం వేయండి, వేర్వేరు కెమెరాల ఫోటోలు ఒకటిగా కలుస్తాయి. పరీక్షకు నేను చేసేవి మూడు: బొమ్మను నలుపు తెలుపు చేసి చూడటం, అద్దంలో లాగా ఎడమ కుడి తిప్పి చూడటం, అగ్గిపెట్టెంత చిన్నది చేసి చూడటం. నలుపు తెలుపులో పాప ముందుకు దూకితే మంచు ఇంకా సరిపోలేదని అర్థం.

మీరైతే ఇవాళ కలర్ లేయర్ ఒక్కటి వేసి చూడండి, 25 శాతంతో మొదలుపెట్టి. తేడా కనపడితే ఆదివారం డాబా మీద మళ్లీ తీయండి. తీసేటప్పుడు కందిలి అడుగున తడి ఇసుక నింపి ఇవ్వండి. మీ ఫోటోలో పాప ఖాళీ కందిలిని వేలికి తగిలించుకుని నిలబడింది. బరువు ఉంటే ఆ భుజం కొంచెం దిగుతుంది, రెండో చెయ్యి కొంచెం పక్కకు వస్తుంది, అడుగు జాగ్రత్తగా పడుతుంది. దాన్ని ఏ లేయర్‌తోనూ తేలేం.